రాష్ట్రపతి ఎన్నికలో మైనారిటీ మద్దతు: కృష్ణా మెట్ట ప్రాంతం నుంచి ఒక పరిశీలన

అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఒక్కొక్క సమాజాన్ని కూడగట్టే బృందాలు నేరుగా ఓటర్లను కలుస్తాయి. 2020 నాటి ‘సౌత్ ఏషియన్స్ ఫర్ బైడెన్’ అటువంటిదే. భారత రాష్ట్రపతి ఎన్నికలో ఆ అవకాశం స్వల్పం. రాజ్యాంగం 54వ అధికరణం ప్రకారం పార్లమెంటుకు, శాసనసభలకు ఎన్నికైన సభ్యులే ఇందులో ఓటర్లు. అప్పుడు జగ్గయ్యపేట, నందిగామలలోని మైనారిటీ పౌరుని మద్దతు ఏ రూపంలో లెక్కకు వస్తుంది?

1967 ఎన్నిక ఇందుకు తగిన ఉదాహరణ. కాంగ్రెస్ అభ్యర్థి జాకీర్ హుసేన్ హైదరాబాదులో జన్మించారు. ప్రతిపక్షాల అభ్యర్థి కోకా సుబ్బారావు రాజమహేంద్రవరంలో జన్మించారు. ఆ ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు వెలువరించిన సుప్రీంకోర్టు ధర్మాసనానికి సుబ్బారావు అధ్యక్షులు. ఏప్రిల్‌లో ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ఆయన బరిలో దిగారు. ముస్లిం ఒకరు రాష్ట్రపతి కావడం లౌకికతకు పరీక్షగా చర్చకు వచ్చింది. హుసేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 ఓట్ల విలువ లభించింది. దేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి లభించారు.

నాడు ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క శాసనసభ్యుని ఓటు విలువ 125. 1961 జనాభా లెక్కలలోని రాష్ట్ర జనాభాను 287 స్థానాలతో, మరల వెయ్యితో భాగించగా వచ్చిన అంకె ఇది. ఇందులో హిందువు, ముస్లిం, క్రైస్తవుడు, పసిబిడ్డ అందరూ ఉన్నారు. అయితే ఓటు రహస్యం. కాబట్టి ఈ రెండు నియోజకవర్గాల సభ్యుల మొగ్గును గాని, వారి వెనుకనున్న ముస్లింల అభిప్రాయాన్ని గాని ఫలితాల పట్టిక చెప్పదు.

2022లో సంతాల్ గిరిజన మహిళ ద్రౌపది ముర్ము అభ్యర్థిత్వానికి వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం రెండూ మద్దతు ప్రకటించాయి. ఆమె మతపరమైన మైనారిటీ కాకున్నా, ప్రాతినిధ్య ప్రశ్న అదే. ఎస్సీలకు కేటాయించిన నందిగామ సభ్యునికి, జనరల్ స్థానమైన జగ్గయ్యపేట సభ్యునికి సమానంగా 159 విలువే ఉంది. ఆ అంకెకు ఆధారం 1971 జనాభా. అంటే అర్ధశతాబ్దం క్రితం లెక్కించిన జనమే నేటికీ తూకం వేస్తున్నారు.

అందువల్ల ‘మైనారిటీల మద్దతు’ అనే మాటను చరిత్రకారుడు మూడుగా విడదీయాలి: అభ్యర్థి నేపథ్యం, పార్టీల నిర్ణయం, సమాజపు అభిప్రాయం. మొదటి రెండింటికీ పత్రాలు దొరుకుతాయి. మూడవదానిని మొదటి రెండింటి నుంచి ఊహించి రాస్తే, జనాభా లెక్కలో చేరినా మాట నమోదు కాని పౌరుని మరొకసారి మౌనంలో ఉంచినట్లవుతుంది. స్థానిక పత్రికలు, మసీదు కమిటీల దస్త్రాలు, మౌఖిక చరిత్రలే ఆ ఖాళీని పూరించగల మార్గాలు.