మింటి త్రోవలు

మా పెద్దమండ్యమునుండి కువైటునకు పోయి కష్టము చేయువారు పెక్కుమంది కలరు. కొన్నియేండ్ల క్రిందట మా పొరుగింటి ముదుసలి కాలము చేసెను. కొడుకు కువైటునుండి వచ్చి బెంగళూరులో దిగి, బస్సులు మాఱి ఊరు చేరునప్పటికి దహనము ముగిసియుండెను. ఆ సాయంకాలము మృతుని తమ్ముడు నన్ను, “అయివారూ, మింటిలో గుట్టలు లేవు, వాగులు లేవు గదా! ఆ విమానము మన తిరుపతిలోనే దిగరాదా?” అని అడిగెను. నాడు బదులు చెప్పలేకపోతిని. పిదప చదివి తెలిసికొన్నది నేడు మనవి చేసెదను.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి టపా విమానమును నడిపెను. అచ్చటినుండి నెవిల్ విన్సెంటు టపాను బళ్లారిమీదుగా మద్రాసునకు కొనిపోయెను. బళ్లారి దత్తమండలములలోనిదే, 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువఱకు కడప జిల్లాలోనుండిన మన మదనపల్లె సీమకు చుట్టమువంటిది. ఆ చిన్న విమానము నడుమ దిగి చమురు పోసికొనక తప్పదు గనుక బళ్లారికి ఆ మర్యాద దక్కెను. ఉత్తరములు మోసినందుకు వచ్చు కూలియే ఆ త్రోవకు జీవనాధారము. దూరము పోగల విమానములు వచ్చిన పిమ్మట నడిమి మజిలీల యక్కఱ తగ్గినది. కూలి గిట్టవలెనను నియమము మాత్రము నేటికిని మాఱలేదు.

ఇందులకు గన్నవరమే సాక్షి. విజయవాడ చెంతనున్న ఆ విమానాశ్రయమునకు 2017లో అంతర్జాతీయ హోదా లభించెను. 2018 డిసెంబరులో ఇండిగో సంస్థ అచ్చటినుండి సింగపూరునకు విమానము నడుపసాగెను. ఆసనములు నిండక నష్టము వచ్చినచో పూడ్చెదమని రాష్ట్ర ప్రభుత్వము మాట యిచ్చియుండెను. 2019లో ఆ సాయము నిలిచెను, విమానమును నిలిచెను. 2022లో షార్జాకు ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్సు త్రోవ తెఱచెను. గల్ఫు దేశములకు పనికై పోవువారు, సెలవులకు వచ్చువారు ఉండుటచేత అట్టి త్రోవలకు రాకపోకలు రెండును కలవు.

మఱియొక చిక్కు కలదు. పరదేశమునకు విమానము నడుపుటకు రెండు ప్రభుత్వముల ఒడంబడిక కావలెను. మనకును కువైటునకును 2007నాటి ఒడంబడిక ప్రకారము ఒక్కొక్క పక్షమునకు వారమునకు 12,000 ఆసనములే. 2025లో అవి 18,000 అయినవి. దేశమంతయు ఆ ఆసనములనే పంచుకొనవలెను. ఆసనములు కొఱతగా నున్నపుడు ఏ సంస్థయైనను జనము నిక్కముగా నుండు పెద్ద నగరమునకే వానిని కేటాయించును.

అయినచో మనకు జనము లేరా? ఉన్నారు, కాని మన లెక్కలో లేరు. మనవాడు బెంగళూరులో విమానమెక్కిన బెంగళూరు ప్రయాణికుడు, చెన్నైలో ఎక్కిన చెన్నై ప్రయాణికుడు. అతని ఊరు పెద్దమండ్యమని చీటిలో వ్రాసియుండదు. త్రోవలు నిర్ణయించువారు మొదట చూచునది ఆ చీటీలనే.

కావున పెద్దలకు నా విన్నపము: ఊరూర ఒక పుస్తకము పెట్టుడు. ఎవరు, ఏ దేశమునకు, ఏ నెలలో, ఎచ్చట విమానమెక్కి పోయిరో, ఎప్పుడు వచ్చిరో వ్రాయింపుడు. ఉత్త అర్జీకన్న అట్టి లెక్క బలమైనది. త్రోవ పడునని నేను మాట యీయజాలను. లెక్క లేనిదే అడుగుటకైనను మనకు ఆధారము లేదు. మా ఊరి పుస్తకమును నేను మొదలుపెట్టితిని. అందు మొదట వ్రాసినది, తండ్రి కడచూపునకు నోచుకొనని ఆ కొడుకు ప్రయాణమే.