నిలిచిపోయిన చూపు

తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తాళపత్రాలు చూసినవారికి తెలిసే ఉంటుంది: ఆకుమీద గంటంతో గీసిన అక్షరానికి మసి పూస్తేగాని అది కంటికి ఆనదు. రాసే సమయంలో లేఖకుడికి కనబడేది రంగులేని గీటు మాత్రమే. నాయకరాజుల నాటి తెలుగు కావ్యాలు ఈ అరవదేశంలో మనదాకా వచ్చాయంటే అటువంటి కళ్ళ పుణ్యమే. ఆ కళ్ళ కష్టం ఎవరికీ పట్టలేదేమో గాని, లేఖకులు మాత్రం చెప్పుకున్నారు. మనదేశపు సంస్కృత రాతప్రతుల చివర తరచుగా ఒక శ్లోకం కనిపిస్తుంది. వీపూ నడుమూ మెడా విరిగేలా, తల వంచి, చూపు కదల్చకుండా కష్టపడి రాసిన పుస్తకమిది, జాగ్రత్తగా కాపాడండి అని దాని భావం.

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని, సాయంత్రానికి కళ్ళు మండుతున్నాయనీ మెడ పట్టేసిందనీ మన పిల్లలు చెప్పేది ఇంతకంటే వేరు కాదు. అయితే నన్ను ఆపేది ఆ ‘చూపు కదల్చకుండా’ అన్న ముక్క. రోగం పేరు అందులోనే ఉంది. వైద్యులకు అది దొరకడానికి చాలాకాలం పట్టింది.

ఇటలీలో బెర్నార్డినో రమజ్జీని అనే వైద్యుడు 1700లో వృత్తులవల్ల వచ్చే రోగాల మీద ఒక పుస్తకం రాశాడు. సన్నపని చేసేవారి కళ్ళు ఎందుకు పాడవుతాయో చెబుతూ, మధ్యమధ్య పని దించి చూపు మరోవైపు తిప్పుకోమనీ, రకరకాల వస్తువులను చూస్తూ కంటికి విశ్రాంతి ఇవ్వమనీ సలహా చెప్పాడు. 1713 నాటి కూర్పులో అచ్చుపనివారిని కూడా చేర్చాడు. ఇంటికి పోయాక కూడా వాళ్ళ కళ్ళముందు అక్షరాలు ఆడుతూనే ఉంటాయన్నాడు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. 1990లలో మద్రాసులో తెలుగు డీటీపీ చేసి బతికినవాణ్ణి. నాకు పని నేర్పిన పెద్దాయన అంతకుముందు సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటర్. నిద్రలో కూడా వత్తులు ఏరుకునేవాణ్ణని ఆయనే చెప్పేవాడు. తెలుగు కేసులంటే వందల గళ్ళు. తలకట్లు, గుడులు, వత్తులు అన్నీ వేరువేరు ముక్కలు, పైగా అక్షరం ఎదురుతిరిగి ఉంటుంది. ఇంగ్లీషు కంపోజిటర్‌కు ఇన్ని తిప్పలు ఉండవు. ఎందుకో ఈ శ్రమను మన ముద్రణ చరిత్రలు ఒక వాక్యంతో దాటేస్తాయి.

రమజ్జీని మాట అందరూ విన్నారని కాదు. 19వ శతాబ్దం నడిమి వరకూ, దగ్గరి పనిలో కళ్ళు అలిసిపోవడాన్ని ముదిరితే చూపు పోగొట్టే జబ్బుగా చాలామంది వైద్యులు భావించారు. పని మానెయ్యమనేవారు. కుట్టుపనితో పొట్టపోసుకునే మనిషికి ఆ మాట ఎలా వినబడుతుందో ఊహించుకోండి. 1864లో డచ్చి వైద్యుడు దోండర్స్ తన గ్రంథంలో ఆ భయం చాలామంది విషయంలో అక్కరలేనిదని చూపించాడు. వాళ్ళకున్నది దూరదృష్టి లోపం. దగ్గరి వస్తువు మీద చూపు నిలపడానికి కంటిలోని కండరం అతిగా బిగుసుకోవాల్సి వస్తోంది. కుంభాకారపు అద్దాలు పెడితే చాలు, పని మానక్కర్లేదు.

ఇక తెర సంగతి. కండరం పాతదే, శ్రమ పాతదే. దానికి తోడైనదేమిటో 1993లో జపాన్ వైద్యులు సుబోతా, నకమోరి లెక్కపెట్టారు. ఆఫీసు ఉద్యోగులు ఊరికే ఉన్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు రెప్పవేస్తే, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, తెరమీద చదివేటప్పుడు 7 సార్లే వేశారు. రెప్పపడకపోతే కంటి తడి ఆరుతుంది, మంట పుడుతుంది. పుస్తకాన్ని కిందికి చూస్తాం, రెప్ప సగం వాలి ఉంటుంది. ఎదురుగా నిలబెట్టిన తెరకు కన్ను పూర్తిగా తెరుచుకుంటుంది. తెరను చూపుకంటే కాస్త కిందికి దించమనేది అందుకే. మా రోజుల్లో ఈ లెక్క తెలియక, గాజుతెర ముందు నల్లటి వలలు తగిలించుకునేవాళ్ళం. ఇప్పుడు నీలికాంతిని ఆపే కళ్ళజోళ్ళు అమ్ముతున్నారు. 17 ప్రయోగాలను పరిశీలించిన 2023 నాటి కాక్రేన్ సమీక్షలో, కంటి అలసట తగ్గించడంలో మామూలు అద్దాలకంటే వాటి గొప్ప ఏమీ తేలలేదు. ఆ డబ్బు పెట్టి కంటి పరీక్ష చేయించుకుని సరైన పవరు అద్దాలు తెచ్చుకోవడం మేలని నా అభిప్రాయం. మన లిపికి ఇంకొక మాట: ఇంగ్లీషుకు సరిపోయే సైజులో తెలుగు వత్తులు చీమతలకాయల్లా ఉంటాయి. సైజు పెంచుకోండి, తెరమీద చోటు కోసం చూడకండి.

కాలిఫోర్నియా కంటి నిపుణుడు జెఫ్రీ ఆన్షెల్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన సూత్రం చాలామంది వినే ఉంటారు. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడాలి. అంత దూరాన్ని చూసేటప్పుడు ఆ కండరం దాదాపుగా సడలుతుంది. రమజ్జీని చెప్పినదానికి అంకెలు తగిలించారంతే.

సలహా 300 ఏళ్ళుగా ఉంది. కొరతగా ఉన్నది తల ఎత్తే వీలు. ఐరోపా సమాజం 1990లో చేసిన ఆదేశంలో, తెరముందు పనిచేసేవారికి మధ్యమధ్య విరామమో పని మార్పో కల్పించాలనీ, కంటి పరీక్షలు ఏర్పాటు చెయ్యాలనీ యజమానుల మీద బాధ్యత పెట్టారు. అది జీతగాళ్ళ సంగతి. పేజీకింత అని తీసుకునేవాడికి యజమాని ఎవరు? నేను పనిచేసిన చోట కిటికీ గోడవైపు ఉండేది. 20 అడుగుల దూరం చూడాలంటే వీధిలోకి రావాలి, వచ్చిన ప్రతిసారీ లెక్క అడిగేవారు. ఆన్షెల్ సూత్రం ప్రకారం 8 గంటల పనిలో 24 సార్లు తల ఎత్తాలి. మొత్తం 8 నిమిషాలు. అంతసేపట్లో నేను అర పేజీ కూడా కొట్టలేకపోయేవాణ్ణి.