కారులో ఇంటి కరెంటు

నేడు కొన్ని కార్లలో సీటు ప్రక్కనో, వెనుక సామాను పెట్టే చోటనో, ఇంటి గోడకు ఉండే ప్లగ్ పాయింటు వంటిదే ఒకటి కనిపిస్తుంది. దానికి బల్బు తగిలిస్తే చక్కగా వెలుగుతుంది. బల్బు తీసి రేడియో తగిలిస్తే రొద వినిపించవచ్చు. గడియారం వేగంగా పరుగెత్తవచ్చు. నిద్రలో రోగికి గాలి అందించే యంత్రం అసలే నడవకపోవచ్చు. బల్బు వెలిగింది కనుక కరెంటు బాగానే ఉన్నదని, దోషం యంత్రానిదేనని చూచేవారు అనుకుంటారు. ఈ ఊహ ఎంతవరకు సరియైనది? దీనికి సమాధానం ఆ ప్లగ్ పాయింటు చరిత్రలోనే ఉన్నది.

కారులో విద్యుత్తును నిలువచేసేది బ్యాటరీ. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లలో చేరింది. చేతితో హాండిలు త్రిప్పి ఇంజనును నడిపించే బాధ తప్పింది. బ్యాటరీ కారుకు తప్పనిసరి అంగమయింది. ఐతే బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ విద్యుత్ ప్రవాహం. దాని వోల్టేజి తొలినాటి కార్లలో ఎక్కువగా 6, తరువాత 12. మన ఇండ్లకు వచ్చేది 230 వోల్టుల ఏకాంతర ప్రవాహం. అది సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తూ, సైను తరంగ రూపంలో నునుపుగా పెరిగి తరుగుతుంది. వోల్టేజిని పెంచే ట్రాన్స్‌ఫార్మరు మారుతూ ఉండే ప్రవాహంతోనే పనిచేస్తుంది. కాబట్టి 12 వోల్టులను 230 చేయాలంటే, ముందుగా బ్యాటరీ ప్రవాహాన్ని ఇటు అటు మార్చాలి.

ఈ చిక్కు మొదట ఎదురైనది కారు రేడియోతో. 1930లో పాల్ గాల్విన్ సంస్థ మోటరోలా అనే పేరుతో కారు రేడియోను అమ్మకానికి తెచ్చింది. ఆనాటి రేడియో కవాటాలకు 6 వోల్టులు చాలవు. వందకు మించిన వోల్టేజి కావాలి. తొలుత అందుకు వేరే బ్యాటరీలను మోసుకొని తిరిగేవారు. తరువాత వైబ్రేటరు వచ్చింది. అందులో పలుచని ఉక్కు రేకు సెకనుకు సుమారు 115 సార్లు కంపిస్తూ, ట్రాన్స్‌ఫార్మరుకు పోయే ప్రవాహాన్ని తెంచి కలుపుతూ ఉండేది. కాని రేకు తెగి కలిసినప్పుడల్లా చిన్న నిప్పురవ్వ పుట్టేది. ఆ రవ్వల అలజడి రేడియోలోనే బరబరమని వినిపించేది! దీపానికి పట్టని దోషం రేడియోకు పట్టింది. ఇంజనీర్లు వైబ్రేటరును లోహపు డబ్బాలో మూసి, కెపాసిటర్లతో అలజడిని అణచివేశారు. మరమ్మతు చేసేవారు ఇంకొకటి కూడా నేర్చుకున్నారు. చెడిన కెపాసిటరును అలాగే ఉంచి వైబ్రేటరును మాత్రమే మారిస్తే, కొత్తది కూడా త్వరలోనే చెడిపోయేది.

ఏకాంతర ప్రవాహాన్ని ఏకముఖంగా మార్చే సాధనాలు అప్పటికే ఉండేవి. అందుకు విలోమంగా పనిచేసే సాధనాన్ని వివరిస్తూ, 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు డేవిడ్ ప్రిన్స్ తన వ్యాసానికి ‘ఇన్వర్టరు’ అని పేరు పెట్టాడు. 1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. 1955లో జార్జ్ రాయర్ రెండు ట్రాన్సిస్టర్లు, ఒక ట్రాన్స్‌ఫార్మరుతో పనిచేసే ఇన్వర్టరును ప్రకటించాడు. కదిలే రేకు లేదు, నిప్పురవ్వ లేదు. కాని దాని నుండి వచ్చేది సైను తరంగం కాదు. నిలువుగా లేచి, బల్లపరుపుగా సాగి, నిలువుగా పడిపోయే చతురస్ర తరంగం.

ఆకారం మారితే వచ్చే నష్టమేమి? 1822లో ఫ్రెంచి గణితవేత్త ఫూరియే, ఉష్ణం గురించి వ్రాసిన గ్రంథంలో దీనికి తాళపుచెవి ఇచ్చాడు. ఆవర్తన తరంగాన్ని వేరు వేరు పౌనఃపున్యాలుగల సైను తరంగాల మొత్తంగా విడదీయవచ్చు. 50 ఆవర్తనాల చతురస్ర తరంగంలో 150, 250, 350 ఆవర్తనాల అనుస్వరాలు కూడా ఇమిడి ఉంటాయి. బల్బు తీగకు కావలసింది వేడి మాత్రమే; అనుస్వరాలు దానికి అడ్డు కావు. కాని అవే రేడియోలో రొదగా, మోటారులో అనవసరపు వేడిగా పరిణమిస్తాయి.

మరొక చిక్కు శిఖర విలువది. 230 వోల్టుల సైను తరంగం శిఖరం సుమారు 325 వోల్టులు. అంతే వేడినిచ్చే చతురస్ర తరంగం శిఖరం 230 మాత్రమే. శిఖర వోల్టేజి వరకు కెపాసిటరును నింపుకొని పనిచేసే పరికరానికి ఇది చాలదు. అందుచేత మధ్యమధ్య సున్నా వద్ద ఆగే మెట్ల తరంగాన్ని తయారుచేశారు. ప్రతి అర్ధావర్తనంలో సగకాలం మాత్రమే 325 వోల్టులు ఉంచితే, శిఖరమూ వేడీ రెండూ ఇంటి కరెంటుతో సరిపోతాయి. ఐనా 150 ఆవర్తనాల అనుస్వరం మూలతరంగంలో మూడవ వంతుగా మిగిలే ఉంటుంది. ఇక్కడ మీటరు కూడా మోసగిస్తుంది. సగటును కొలిచి సైను తరంగానికి సరిపడేట్లు సంఖ్య చూపే సామాన్య మీటరు, ఈ మెట్ల తరంగాన్ని సుమారు 180 వోల్టులుగా చూపుతుంది! నిజమైన వర్గ మధ్యమ మూల విలువను కొలిచే మీటరు అయితేనే 230 అని చెబుతుంది.

1964లో షోనుంగ్, స్టెమ్లర్ అనే ఇంజనీర్లు మరొక మార్గం చూపారు. స్విచ్చిని అతి వేగంగా వేసి తీస్తూ, స్పందనల వెడల్పును క్రమంగా మార్చి, వడపోస్తే సైను తరంగానికి దగ్గరి రూపం వస్తుంది. ‘శుద్ధ సైను’ అని అమ్మే నేటి ఇన్వర్టర్లకు ఆధారం ఈ పద్ధతియే.

తరువాతి ప్రశ్న సామర్థ్యం. 12 వోల్టుల నుండి 1,500 వాట్లు తీయాలంటే, నష్టాలు లేవనుకున్నా, 125 ఆంపియర్లు కావాలి. అందుకే మామూలు కార్లలోని ప్లగ్ పాయింటు నూరు, నూటయాభై వాట్లకే పరిమితమయ్యేది. ఎక్కువ వోల్టేజి బ్యాటరీ గల హైబ్రిడ్ కార్లు ఈ హద్దును దాటాయి. 2001లో జపానులో వచ్చిన టొయోటా ఎస్టిమా హైబ్రిడ్ ఆ దేశపు 100 వోల్టుల వద్ద 1,500 వాట్లు ఇవ్వగలిగింది. 2011 మార్చి 11న భూకంపం, సునామీ ఈశాన్య జపానును అతలాకుతలం చేసినప్పుడు, కరెంటు లేని చోట్ల ఈ కార్ల నుండి విద్యుత్తు తీసి పరికరాలను నడిపారు. విలాసం అనుకున్న ప్లగ్ పాయింటు ఆపదలో ఆధారమయింది. అట్టి సమయంలో యంత్రం ఎందుకు నడవలేదో తెలియకపోవడం చిన్న విషయం కాదు.

చివరి చిక్కు భూమి సంబంధం. ఇంటికి వచ్చే కరెంటులో న్యూట్రల్ తీగ భూమితో కలిసి ఉంటుంది. రబ్బరు చక్రాలపై నిలిచిన కారుకు అట్టి సంబంధం సహజంగా ఉండదు. కొన్ని కార్లలో రెండు తీగలూ కారు చట్రంతో కలియకుండా ఉంటాయి. అప్పుడు కొన్ని యూపీఎస్‌లు ‘వైరింగు లోపం’ అని దీపం వెలిగిస్తాయి. కరెంటు ప్రక్కదారి పట్టగానే కత్తిరించే రక్షక స్విచ్చిని 1961లో చార్లెస్ డాల్జీల్ కనిపెట్టాడు. అది మాటిమాటికి తెగుతూ ఉంటే, దానిని తప్పించి కలపడం ప్రాణాపాయం. కారు ప్లగ్ పాయింటు ఇచ్చే షాకు ఇంటి షాకుకు ఏమాత్రం తీసిపోదు.

కాబట్టి దోషాన్ని వెదకడంలో ఒక వరుస ఉన్నది. మొదట, పరికరానికి కావలసిన వాట్లు ప్లగ్ పాయింటు హద్దులో ఉన్నాయా? మోటారు గలది బయలుదేరేటప్పుడు ఎన్నో రెట్లు ఎక్కువ కోరుతుంది. రెండవది, బరువు పడినప్పుడు బ్యాటరీ వోల్టేజి క్రుంగిపోతున్నదా? మూడవది, తరంగం సైనుదా, మెట్లదా? తయారీదారు సైను తరంగమే కావాలన్న వైద్య పరికరాన్ని మెట్ల తరంగంపై ప్రయోగించి చూడరాదు. నాలుగవది, భూమి సంబంధం ఎట్లున్నది? ప్రతి మెట్టులో ఒక్క విషయాన్ని మాత్రమే మార్చి చూడాలి.

వైబ్రేటరు నాటి రేడియో మెకానిక్కు నేర్చిన పాఠం నేటికీ చెల్లుతుంది. దీపం వెలగడం విద్యుత్తు ఉన్నదనడానికి సాక్ష్యమే. కాని అది ఎట్టి విద్యుత్తో చెప్పడానికి దీపం చాలదు.