కుంకుమపువ్వు ప్రవాసము

ఉగాదినాడు తెలుగింటి గడపకు పసుపు, కుంకుమ తప్పవు. గడపకు దిద్దే ఆ కుంకుమకూ, పాలలో వేసే కుంకుమపువ్వుకూ పేరు కలిసినది గాని పుట్టుక కలియలేదు. మొదటిది మన పొలాన పండిన పసుపుకొమ్ము బిడ్డ. రెండవది చలిదేశాలలో శరదృతువున పూచే ఒక చిన్న ఊదారంగు పువ్వు. ఈ రెండింటికీ ఒకే పేరు ఎట్లు వచ్చినది? ఆ పువ్వు మన దక్షిణాదికి ఏ రూపాన వచ్చినది? వచ్చిన తరువాత ఇక్కడి నేలలో ఎందుకు వేరూనలేదు? సరిహద్దు మీద కాపురాలు చేస్తున్న మనకు ఈ ప్రశ్నలు పరాయివి కావు. ఇల్లు విడిచినవాడు ఏమి వెంట తీసుకొని పోగలడు, ఏమి తీసుకొని పోలేడు అన్నదే వీటి సారము.

ముందు పువ్వు సంగతి తెలుసుకొందాము. ఇది క్రోకస్ అనే జాతికి చెందినది. ఆ జాతిలో వందకు పైగా రకాలున్నవి. వాటిలో కొన్ని వసంతంలోను, కొన్ని శరత్తులోను పూస్తవి. కుంకుమపువ్వు శరత్తులో పూచేది. వేసవి అంతా నేలలో దుంపగా నిద్రించి, చలిగాలి తగలగానే పైకి వచ్చి పూస్తుంది. పువ్వు నడుమ మూడు ఎర్రని పోగులుంటవి. పనికి వచ్చేది ఆ మూడు పోగులే. ఒక్క గ్రాము పోగులకు సుమారు 150 పూలు కావలెను. వాటిని తెల్లవారుజామున చేతితోనే కోయవలెను, చేతితోనే ఒలవవలెను. దాని వెల బంగారముతో పోటీపడుటకు కారణమిదే.

దీనికి విత్తనము లేదు. మామూలు మొక్కలలో కణమునకు రెండు వరుసల క్రోమోజోములుంటే, దీనిలో మూడు వరుసలు, మొత్తము 24 ఉన్నవి. అందుచేత గింజ కట్టదు. ఏటేటా తల్లిదుంప తన సారమంతా పిల్లదుంపలకు ఇచ్చి ఎండిపోతుంది. ఆ పిల్లదుంపలను మనిషి త్రవ్వి, విడదీసి, వేరొక చోట నాటితేనే వంశము సాగుతుంది. గాలిగాని, పక్షిగాని దీనిని మోయలేవు. కాశ్మీరులోని పాంపూరులోనైనా, ఇరానులోనైనా, స్పెయిను దేశపు లామంచాలోనైనా, ఉన్న ప్రతి మొక్కా ఎవరో ఒకరి చేతిసంచిలో ప్రయాణము చేసి వచ్చినదే.

పుట్టిల్లు ఎక్కడ అన్నదానిపై పండితులు చాలాకాలము వాదించుకొన్నారు. 2019లో వెలువడిన జన్యుపరిశోధనలు గ్రీసు దేశమును చూపినవి. ఏథెన్సు పరిసరాలలో నేటికీ శరత్తున పూచే కార్ట్‌రైటియానస్ అనే అడవి క్రోకస్ దీనికి తల్లి అని తేలినది. గ్రీకు ద్వీపమైన థేరాలో, సుమారు మూడువేల ఆరువందల ఏండ్ల నాటి గోడచిత్రాలలో, స్త్రీలు ఈ పూలు కోసి బుట్టలలో నింపుకొనే దృశ్యమున్నది.

మన దేశమున దీనికి కాశ్మీరమే ప్రసిద్ధి. 12వ శతాబ్దిలో కల్హణుడు తన రాజతరంగిణిలో, స్వర్గములోనూ దొరకనివి తన నాట సామాన్యమని చెప్పుతూ కుంకుమపువ్వును పేర్కొన్నాడు. అమరకోశమున దీని పేర్లు చూడండి. కాశ్మీరజన్మ అన్నది ఒకటి, బాహ్లీకము అన్నది మరొకటి. రెండూ ఊళ్ళ పేర్లే. మన తెలుగువారిలో ఎందరి ఇంటిపేర్లు ఎన్నడో విడిచిన ఊళ్ళ పేర్లు కావు? మనిషి ఊరు మారినా ఇంటిపేరు మారనట్లే, ఈ పువ్వు కూడా పుట్టినూరి పేరును మోసికొని తిరిగినది.

కాశ్మీరమునుండి ఈ సీమకు వచ్చిన ఒక ప్రవాసిని ఇక్కడ తలచుకోవలెను. ఆయన బిల్హణ కవి. కుంకుమతోటలకు పేరుపడిన ఖోనముఖమనే పల్లె ఆయనది. 11వ శతాబ్దిలో ఇల్లు విడిచి, దేశదేశాలు తిరిగి, కల్యాణి చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుని ఆస్థానము చేరినాడు. మన బళ్ళారి సీమ అప్పుడు ఆ చాళుక్యుల ఏలుబడిలోనిదే. రాజు ఆయనకు విద్యాపతి అనే బిరుదిచ్చినాడు. కవిత్వమూ కుంకుమకేసరమూ తోబుట్టువులనీ, శారదాదేశము వెలుపల ఆ రెండూ మొలకెత్తగా చూడలేదనీ బిల్హణుడు గర్వముగా చెప్పుకొన్నాడు. ఆ మాట వ్రాసిన విక్రమాంకదేవచరితమును ఆయన రచించినది కాశ్మీరములో కాదు, దక్షిణాదిలో! తోబుట్టువులలో ఒకటి కవివెంట వచ్చి ఇక్కడ చక్కగా మొలకెత్తినది. రెండవది రాలేకపోయినది.

అయితే ఎండిన పోగుగా మాత్రము అది సంతలకు వస్తూనే ఉన్నది. 16వ శతాబ్ది ఆరంభమున పోర్చుగీసు యాత్రికుడు బార్బోసా, విజయనగరపు సంతకు వచ్చే విదేశీ సరుకులలో పన్నీరుతోను కస్తూరితోను పాటు కుంకుమపువ్వునూ లెక్కవేసినాడు. 2021 వరకు మన జిల్లాలోనే ఉండిన హంపి వీథులలో అది అమ్ముడైనదన్నమాట. కొన్నవారు రాజులు, ధనికులు. మరి సామాన్యురాలి నుదుట?

అక్కడే మన ఇల్లాండ్ర తెలివి కనబడుతుంది. పసుపు క్షారమును తాకితే ఎర్రబడుతుంది. పసుపుకు సున్నమో వెలిగారమో కలిపి, నిమ్మరసము చేర్చి, ఎండబెట్టి దంచితే ఎర్రని పొడి సిద్ధము. సంస్కృతమున కుంకుమ మనగా ఆ పువ్వే. తెలుగున ఆ పేరు ఈ పొడికి స్థిరపడినది. చివరకు అసలుదానికే ‘పువ్వు’ అనే తోక తగిలించి పిలువవలసి వచ్చినది! రాని పువ్వుకు మారుగా ఉన్న దుంపతోనే మనవారు మంగళకార్యము జరుపుకొన్నారు. దీనిని నకిలీ అనరాదు. నకిలీ వేరే ఉన్నది. మన నల్లరేగడిలో పండే కుసుమపూల రేకులను ఎండబెట్టి కుంకుమపువ్వని అమ్మేవారు నేటికీ ఉన్నారు. గోరువెచ్చని నీటిలో వేస్తే అసలుది మెల్లమెల్లగా పసుపురంగు దిగుతుంది, పోగు ఎర్రగానే ఉంటుంది. వేసీ వేయగానే నీళ్ళు ఎర్రబడితే సందేహించవలెను.

మన కంటోన్మెంటు దొడ్లలో దీనిని నాటితే రాదా అని అడిగేవారున్నారు. ఆరుబయట అది కష్టము. మన వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. మన రేగడి నీరు పట్టి ఉంచుతుంది, దుంప కుళ్ళుతుంది. పువ్వు రావడానికి శరత్తున వేడి 17 డిగ్రీల దాకా దిగవలెను. ఇటీవల కొందరు చలిగదులలో పళ్ళెములపై దుంపలు పేర్చి పూయిస్తున్నారు. దుంపలోని సారముతోనే పువ్వు వస్తుంది గాని, పిల్లదుంపలు కావాలంటే మరల మట్టిలో నాటవలసినదే.

చలిదేశాలలో ఉన్న మన పిల్లలకు ఇది సులువు. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో నీరు నిలువని మట్టిలో జానెడుకు కొంచెము తక్కువ లోతున దుంప పెడితే అక్టోబరులో పూస్తుంది. స్పెషియోసస్, పుల్కెల్లస్ వంటి శరత్కాలపు రకాలను సేకరించి పెంచే అభిమానులు అక్కడ చాలామంది. వారికి దారి చూపినవారిలో ముఖ్యుడు జార్జి మా అనే ఆంగ్లేయుడు. వృత్తి పలకల తయారీ, అభిరుచి క్రోకస్. తన చిత్రాలతో ఆయన 1886లో ప్రకటించిన ఉద్గ్రంథము నేటికీ పండితులకు ఆధారమే. ఒక్క హెచ్చరిక: ‘శరత్ క్రోకస్’ అనే పేరుతోనే కొల్చికమ్ అనే విషపుమొక్క కూడా పూస్తుంది. క్రోకస్‌లో పుప్పొడి కాడలు మూడు, కొల్చికమ్‌లో ఆరు. లెక్కపెట్టనిదే ఏ పువ్వునూ వంటింటికి తేరాదు.

ఇక మన సంగతి. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి దత్తము చేసిన పిదప, దండు విడిసిన చోట ఈ కంటోన్మెంటు వెలసినది. ఎక్కడెక్కడివారో వచ్చి చేరినారు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రరాష్ట్రమునకు, బళ్ళారి మైసూరు రాష్ట్రమునకు పోయినవి. దానితో ఇక్కడి తెలుగువారిలో ఎందరో ఊరు కదలకుండగనే ప్రవాసులైనారు. పొరుగువారి కన్నడము మనకు అన్నము పెట్టినది. దానిని మన పిల్లలు చక్కగా నేర్చినారు, నేర్వవలెను కూడా. కాని ఇంట తెలుగు సంగతి ఏమి?

భాష కవిత్వమువలె గాలికి మొలచునని కొందరి ధీమా. మేము అట్లనుకొనుట లేదు. పరాయినాట అది ఈ పువ్వు వంటిది. దానంతట అది గింజ రాల్చదు. ఒక తరము దుంపను త్రవ్వి, విడదీసి, తరువాతి తరము చేతిలో పెట్టవలెను. ఒక్క ఏడు ఏమరితే తోట పోతుంది. మూడువేల ఏండ్లకు పైగా ఎవరో ఒకరు ఏమరకపోబట్టే పాంపూరు పొలాలు నేటికీ శరత్తున ఊదారంగు తాలుస్తున్నవి.

ఈ కొత్త సంవత్సరమున మన పిల్లలకు పచ్చడితోపాటు నాలుగు తెలుగు మాటలు, ఒక కథ, మన ఇంటిపేరు వెనుకనున్న ఊరి సంగతి అందిద్దాము. సోదరసోదరీమణులందరికీ ఉగాది శుభాకాంక్షలు.