ఒక తరం యౌవనం

1869 నవంబరు 17వ తేదీన పారిస్ నగరంలో గుస్తావ్ ఫ్లాబేర్ వ్రాసిన నవల ఒకటి రెండు సంపుటాలుగా వెలువడింది. దాని పేరును మన భాషలో చెప్పుకోవలసివస్తే ‘హృదయ శిక్షణ’ అనవచ్చును. పన్నెండేండ్లకు పూర్వం, 1857లో, ‘మదామ్ బోవరీ’ అనే నవలపై ప్రభుత్వం నీతిబాహ్యమని అభియోగం తెచ్చి ఓడిపోయినప్పుడు, ఈ రచయిత పేరు దేశమంతటా మారుమ్రోగింది. ఈ కొత్త నవలను మాత్రం విమర్శకులు కరుణించలేదు. ఇందులో కథ లేదన్నారు. నాయకుడు నాయకుడే కాదన్నారు. చదివినవానికి చివరకు దక్కేదేమిటని అడిగినారు. జార్జ్ శాండ్ వంటి కొద్దిమంది మాత్రమే రచయిత పక్షాన కలం పట్టినారు.

ఈ ప్రసంగంలో మేము ఆ నవలను సాహిత్యదృష్టితో కంటె చరిత్రదృష్టితో చూడదలచినాము. అందుకు కారణమున్నది. తన తరంవారి మనోచరిత్రను వ్రాయదలచినానని ఫ్లాబేర్ 1864లోనే ఒక స్నేహితురాలికి జాబు వ్రాసినాడు. 1848లో యౌవనంలో ఉండి, విప్లవాన్ని కన్నులారా చూచి, నాలుగేండ్లు తిరగకముందే దాని శవాన్ని కూడా చూచిన తరం అది. చరిత్రకారులు ఆ సంవత్సరాల శాసనాలను, ఎన్నికలను, కాల్పులను లెక్క కట్టినారు. ఆనాటి యువకుల హృదయాలలో ఏమి జరిగిందో తెలుసుకోవడానికి ఈ నవల వంటి సాక్ష్యం మరొకటి మా ఎరుకలో లేదు.

కథానాయకుడు ఫ్రెడరిక్ మొరో. 1840 సెప్టెంబరు 15వ తేదీ ఉదయం, పద్దెనిమిదేండ్ల వయస్సులో, సేన్ నది మీద పొగపడవ ఎక్కి పారిస్ నుంచి తన ఊరైన నొజాన్‌కు బయలుదేరినాడు. పడవ మీద ఒక గృహిణి కనిపించింది. ఆమె శాలువ జారి నీళ్ళలో పడబోతుంటే పట్టుకొన్నాడు. అంతే. ఆ క్షణం నుంచి అతని జీవితం ఆమె చుట్టూ తిరిగింది. ఆమె ఆర్నూ అనే చిత్రపటాల వ్యాపారి భార్య. ఆమె ధర్మం తప్పలేదు. ఇతడు ఆశ వదలలేదు.

ఇది కల్పన మాత్రమే కాదు. ఫ్లాబేర్ 1821లో పుట్టినాడు. అంటే నాయకుడికీ రచయితకూ వయస్సు ఇంచుమించు ఒకటే. 1836 వేసవిలో, పద్నాలుగేండ్ల బాలుడుగా, త్రూవిల్ సముద్రతీరంలో ఎలీజా ష్లెసింజర్ అనే ఆమెను చూచినాడు. ఆమె భర్త పారిస్‌లో సంగీత గ్రంథాల ప్రకాశకుడు. ఫ్రెడరిక్ వలెనే ఫ్లాబేర్ కూడా న్యాయశాస్త్రం చదవడానికి పారిస్ వెళ్ళినాడు, ఫ్రెడరిక్ వలెనే పరీక్ష తప్పినాడు. 1844 జనవరిలో మూర్ఛవ్యాధి సోకడంతో ఆ చదువు మానుకొని, రువాన్ నగరం దగ్గర క్రువాసే గ్రామంలో నదిఒడ్డు ఇంట్లో స్థిరపడినాడు.

అయితే ఈ నవలను విఫలప్రేమ గాథగానే చెప్పేవారు సగమే చెప్పుతున్నారని మా అభిప్రాయం. నవల మొదటి పుటలలోనే ప్రవేశించి, చివరి పుటదాకా మిగిలేవాడు మరొకడున్నాడు. అతడు ఫ్రెడరిక్ మిత్రుడు దెలోరియే. సాన్స్ పట్టణంలోని పాఠశాలలో ఇద్దరూ కలిసి చదువుకొన్నారు. ఒకడికి తల్లి గారాబం, మరొకడికి తండ్రి దెబ్బలు. ఒకడు కవి కావాలనుకొన్నాడు, మరొకడు రాజకీయాలలో అధికారం సంపాదించాలనుకొన్నాడు. పారిస్‌లో ఒకే గదిలో ఉండాలని, ఒకరికున్నది ఇద్దరిదీ కావాలని బాస చేసుకొన్నారు. బాల్యస్నేహాలలో ఇటువంటి బాసలు చేసుకోనివారెవరు?

మధ్యలో డబ్బు వచ్చింది. పినతండ్రి మరణంతో ఫ్రెడరిక్‌కు ఏటా ఇరవై ఏడు వేల ఫ్రాంకుల ఆదాయం గల ఆస్తి దక్కింది. దెలోరియే ఒక పత్రిక పెట్టదలచి పదిహేను వేల ఫ్రాంకులు అడిగినాడు. ఫ్రెడరిక్ ఇస్తానన్నాడు. అప్పుడే ఆర్నూ దివాలా అంచున నిలిచి అంత సొమ్మే అప్పు కావాలని వచ్చినాడు. ఆమె కోసం ఆమె భర్తకే ఆ సొమ్ము ముట్టింది. మిత్రునికి ఏవో సాకులు చెప్పినాడు. దెలోరియే కూడా తక్కువ తినలేదు. మిత్రుడు లేని సమయంలో ఆర్నూ భార్య దగ్గరకు పోయి తన ప్రేమను తానే నివేదించుకొన్నాడు. ఆమె నవ్వేసరికి, ఫ్రెడరిక్ వేరొక పిల్లను పెండ్లాడబోతున్నాడని చెప్పి వచ్చినాడు. కొన్నేండ్లకు ఆ పిల్లను తానే పెండ్లాడినాడు కూడా. స్నేహం పేరిట ఇంత ద్రోహం చేసుకొన్న ఇద్దరిని ఏ నవలలోనూ మేము చదవలేదు.

ఈ చిన్న ద్రోహాల ప్రక్కనే పెద్ద చరిత్ర నడిచింది. 1848 ఫిబ్రవరి 22న పారిస్ ప్రజలు వీధులకెక్కినారు. ఆ మధ్యాహ్నమే ఫ్రెడరిక్ త్రోన్షే వీధిలో ఆమె కోసం గంటల తరబడి ఎదురుచూచినాడు. బిడ్డకు కంఠవ్యాధి వచ్చి ఆమె రాలేదు. దూరాన జనఘోష వినబడుతున్నా అతనికి పట్టలేదు. 24వ తేదీన లూయీ ఫిలిప్ సింహాసనం వదలినాడు, గణతంత్రం ఏర్పడింది. అంతవరకు సుమారు రెండున్నర లక్షల మంది ధనికులకే ఉన్న ఓటు హక్కు, తొంభై లక్షల మంది పురుషులకు వచ్చింది. ఏప్రిల్‌లో వలసలలోని బానిసలకు విముక్తి ప్రకటించినారు. పనిలేనివారికి పని చూపడానికి జాతీయ కర్మశాలలు తెరిచినారు. జూన్‌లో వాటిని మూయబూనగానే తూర్పు పారిస్ శ్రామికులు వీధులకు అడ్డుగోడలు కట్టి తిరగబడినారు. 23 నుంచి 26 వరకు నాలుగు రోజులు సేనాని కవెన్యాక్ ఫిరంగులు పలికినవి. గణతంత్రం తనను నిలబెట్టినవారినే కాల్చింది.

ఆ నాలుగు రోజులు మన నాయకుడు ఎక్కడున్నాడు? ఫాంటేన్‌బ్లో అడవులలో ప్రియురాలితో విహారంలో ఉన్నాడు. ఈ ఘట్టాన్ని గురించి ఒక ముచ్చట ఉన్నది. ఫ్రెడరిక్‌ను రైలులో ప్రయాణం చేయించి వ్రాసిన తరువాత ఫ్లాబేర్‌కు అనుమానం పుట్టింది. విచారిస్తే, 1848 నాటికి ఫాంటేన్‌బ్లోకు రైలు లేదని తేలింది. వ్రాసినది కొట్టివేసి, ఆనాడు ఏ గుర్రపుబండ్లు ఏ దారిన నడిచేవో కనుక్కోవడానికి మిత్రుడు జూల్ ద్యుప్లాన్‌కు జాబు వ్రాసి, ఆ భాగాన్ని మళ్ళీ వ్రాసినాడు. ఇరవయ్యేండ్ల నాటి బండి వివరం తప్పితే పాఠకులలో ఎంతమంది గుర్తించేవారు? ఆయనకు మాత్రం అది పట్టింపు.

మిత్రబృందంలో దుసార్దియే అనే గుమాస్తా ఉన్నాడు. అందరిలోనూ నిష్కపటి అతడొక్కడే. జూన్‌లో జాతీయ రక్షకదళం పక్షాన పోరాడి తొడలో గుండు తగిలించుకొన్నాడు. మంచంలో పడుకొని, తాను నిలవవలసినది శ్రామికుల వైపేమోనని మథనపడినాడు. అదే బృందంలో సెనెకాల్ అనే కఠోర సామ్యవాది కూడా ఉన్నాడు. 1851 డిసెంబరు 2న లూయీ నెపోలియన్ కుట్రతో సర్వాధికారం చేజిక్కించుకొన్నాడు. రెండు రోజుల తరువాత, వీధిలో గణతంత్రానికి జయం పలికిన దుసార్దియేను ఒక పోలీసు కత్తితో పొడిచి చంపినాడు. ఫ్రెడరిక్ ఆ పోలీసు ముఖం చూచినాడు. అతడు సెనెకాల్. ఒకనాడు ఒకే గదిలో కూర్చుండి వాదించుకొన్నవారు! అక్కడ అధ్యాయం ఆగిపోయింది. తరువాతి అధ్యాయం దాదాపు పదహారేండ్లను కొద్ది వాక్యాలలో దాటివేసింది. మధ్యనున్న ఆ మౌనాన్నే ప్రూస్త్ 1920లో నవలలోకెల్లా సుందరమైనదని మెచ్చుకొన్నాడు.

చివరకు శీతకాలంలో ఒకనాడు నిప్పుగూటి ప్రక్కన ఇద్దరు మిత్రులు మళ్ళీ కలుసుకొన్నారు. ఒకడు ఆస్తిలో మూడింట రెండు వంతులు పోగొట్టుకొన్నాడు. రెండవవాడి భార్య ఒక గాయకునితో లేచిపోయింది. ద్రోహాల సంగతి ఎవరూ ఎత్తలేదు. 1837లో, బడిపిల్లలుగా, పూలగుత్తులు పట్టుకొని ఊరి చివర చెడ్డపేరు గల ఇంటికి వెళ్ళడం, లోపలి ఆడవారు నవ్వగానే ఫ్రెడరిక్ సిగ్గుపడి పరుగెత్తడం, డబ్బు అతని వద్దనే ఉండడంతో దెలోరియే కూడా వెంట పరుగెత్తక తప్పకపోవడం తలచుకొన్నారు. తమ బ్రతుకులో అంతకంటె మంచిదేదీ లేదని ఇద్దరూ ఒప్పుకొన్నారు.

ఈ ముగింపు ఆనాటి విమర్శకులకు రోత పుట్టించింది. మాకు అట్లా తోచదు. ఆ ఇద్దరికీ జీవితంలో మిగిలినదేమున్నది? ప్రేమ ఫలించలేదు, గణతంత్రం నిలవలేదు, పత్రిక పుట్టలేదు. తన యౌవనానికి సాక్షిగా ఎదుట కూర్చున్న మనిషి ఒక్కడు మిగిలినాడు. అతడు మంచివాడా కాడా అన్నది అప్పుడు ప్రశ్న కాదు.

ఫ్లాబేర్‌కు ఆ భాగ్యం కూడా పూర్తిగా దక్కలేదు. చిన్ననాటి మిత్రుడు ఆల్ఫ్రెడ్ ల పువాత్వాన్ 1848 ఏప్రిల్‌లో, రెండు విప్లవ ఘట్టాల నడుమ, చనిపోయినాడు. ఆ శవం దగ్గర ఫ్లాబేర్ రాత్రులు జాగరణ చేసినాడు. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో తనతోపాటు విప్లవం చూడడానికి పారిస్ వచ్చినవాడు లూయీ బూయే. బూయే కవి, రువాన్ పాఠశాలలో సహాధ్యాయి, ఏండ్ల తరబడి ఆదివారాలు క్రువాసేకు వచ్చి వ్రాతప్రతులను వాక్యవాక్యం పరీక్షించినవాడు. ‘హృదయ శిక్షణ’ 1869 మే 16న తెల్లవారుజామున పూర్తయింది. బూయేతో కూర్చుండి దిద్దుకోవాలని అనుకొన్నారు. జూలై 18న బూయే మరణించినాడు. దిద్దుబాటులో మాక్సిం ద్యు కాం చేయి వేసినాడు. ఈయన 1848 జూన్‌లో రక్షకదళంలో పోరాడి కాలికి గాయపడినవాడు, తరువాత ఫ్లాబేర్‌తో వైరం తెచ్చుకొని మళ్ళీ సఖ్యపడినవాడు. ఎవరికోసం కొంతవరకు ఈ పుస్తకం వ్రాసినానని ఫ్లాబేర్ చెప్పుకొన్నాడో, ఆ విమర్శకుడు సాంత్ బెవ్ అక్టోబరులో పోయినాడు. రైలు సంగతి విచారించిపెట్టిన ద్యుప్లాన్ 1870 మార్చిలో పోయినాడు.

1871లో, కమ్యూన్ మంటలలో కాలిపోయిన త్విలరీ ప్రాసాద శిథిలాలను చూస్తూ, తన నవలను జనం అర్థం చేసుకొని ఉంటే ఇదంతా జరిగేది కాదని ఫ్లాబేర్ అన్నట్లు ద్యు కాం తన స్మృతులలో వ్రాసినాడు. ఆ మాటలో అతిశయం ఉన్నది; అన్నవాని దుఃఖం కూడా ఉన్నది.

ఆ తరువాత ఆయన శ్రద్ధ ఎక్కువగా బూయే స్మృతి మీదకు మళ్ళింది. మిత్రుని చివరి పద్యాలను స్వయంగా పీఠిక వ్రాసి 1872లో అచ్చువేయించినాడు. రువాన్‌లో బూయే పేర శిలావిగ్రహంతో ఒక చిన్న ఫౌంటెను కట్టడానికి చందాలు పోగుచేసి స్థలమడిగితే, నగరసభవారు బూయే అంత గొప్ప కవి కాడని త్రోసిపుచ్చినారు. ఫ్లాబేర్ మండిపడి వారి మీద ఒక బహిరంగ లేఖ అచ్చువేసినాడు. ఏండ్ల తరబడి వారిని విడువలేదు. ఆయన 1880 మే 8న కన్నుమూసినాడు. ఫౌంటెను 1882లో నెలకొన్నది.