కుడి మూల ఖాళీ

గడియారంలో ఇంకా 26 సెకన్లు. గోల్ గీత 8 గజాల దూరం.

2006 జనవరి 4, బుధవారం రాత్రి. కాలిఫోర్నియా రాష్ట్రం, పసదీనాలోని రోజ్ బౌల్ మైదానం. 93 వేలకు పైగా జనం. స్కోరు బోర్డు మీద సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ 38, టెక్సాస్ 33. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏటి జాతీయ కిరీటం ఎవరిదో తేల్చే ఆట ఇది. టెక్సాస్‌కు మిగిలింది నాలుగో ప్రయత్నం, అంటే ఆఖరిది. ఐదు గజాలు ముందుకు వెళ్లకపోతే బంతి చేజారిపోతుంది, దాంతోపాటే కిరీటమూ.

బంతి కోసం చేతులు చాచి నిలుచున్నవాడు విన్స్ యంగ్, జట్టు దాడిని నడిపించే ఆరడుగుల ఐదు అంగుళాల క్వార్టర్‌బ్యాక్. ఎదురుగా పదకొండు మంది. ఇతణ్ని ఆపడం ఎలాగన్నదే ఆ రాత్రంతా వాళ్లను వేధించిన ప్రశ్న.

ఏది చేసినా తప్పే

పాత తరహా క్వార్టర్‌బ్యాక్ నిలబడి బంతి విసిరేవాడు, లేదంటే పక్కవాడి చేతిలో పెట్టి తప్పుకునేవాడు. అతను తప్పుకుంటే ఆ పరుగులో పది మందే మిగులుతారు. ఆపేవాళ్లు మాత్రం పదకొండు మంది. ఆ ఒక్కడు ఎక్కువ ఉండటమే డిఫెన్స్‌కు కొండంత అండ. క్వార్టర్‌బ్యాక్ తానే బంతి పట్టుకుని పరుగందుకుంటే ఆ అండ కాస్తా పోతుంది.

1990ల మొదట్లో వెస్ట్ వర్జీనియాలో గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీ కోచ్ రిచ్ రోడ్రిగెజ్ ఈ సూత్రాన్ని ఆయుధంగా మలిచాడు. దాని పేరు జోన్ రీడ్. వరుస చివర నిలబడే డిఫెన్సివ్ ఎండ్‌ను ఎవరూ అడ్డుకోరు, కావాలనే వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని, దానితో పరుగెత్తాల్సిన రన్నింగ్‌బ్యాక్ పొట్టకు ఆనించి, ఆ ఎండ్ ఎటు కదులుతాడా అని చూస్తాడు. ఎండ్ లోపలికి దూకితే బంతి వెనక్కి లాక్కుని బయటి నుంచి పరుగెడతాడు. బయటే కాపు కాస్తే బంతి ఇచ్చేస్తాడు, పరుగు మధ్యలోంచి సాగుతుంది. ఆ ఎండ్ ఏం చేసినా తప్పు చేసినట్టే అవుతుంది.

డిఫెన్స్ కోచ్‌లు ఊరుకోలేదు. ఎండ్ లోపలికి దూకగానే వెనకున్న లైన్‌బ్యాకర్ బయటికి జారి ఆ ఖాళీని కప్పే పద్ధతి నేర్పారు. క్వార్టర్‌బ్యాక్ మీద నుంచి చూపు తిప్పకుండా ఒకణ్ని కాపలా పెట్టారు, అతణ్ని స్పై అంటారు. కానీ స్పై కోసం ఒకణ్ని కేటాయిస్తే పాస్‌ను అడ్డుకోవడానికి ఒకడు తగ్గుతాడు. పాస్ అందుకునే ఒక్కో రిసీవర్ వెంట ఒక్కొక్కణ్ని పంపితే వాళ్ల వీపులు బంతి వైపు తిరుగుతాయి, క్వార్టర్‌బ్యాక్ పక్కనుంచి వెళ్లిపోయినా కనపడదు. అందరూ కలిసి మీద పడితే, ఒక్కణ్ని తప్పించుకున్నాడంటే ముందు మైదానమంతా ఖాళీ. ఒక చిల్లు పూడిస్తే మరోచోట చిల్లు పడుతుంది.

బంతి ఇవ్వకుండా ఉంటే?

యంగ్ ఏం చేయగలడో సదరన్ కాలిఫోర్నియా కోచ్ పీట్ కారల్‌కు తెలియనిది కాదు. ఏడాది క్రితం, 2005 జనవరి 1న, ఇదే మైదానంలో మిషిగన్ మీద యంగ్ 192 గజాలు పరుగెత్తాడు, నాలుగుసార్లు బంతితో గోల్ గీత దాటి టచ్‌డౌన్లు చేశాడు. టెక్సాస్ 38-37తో గెలిచింది. అయినా కారల్ జట్టుకు భయపడాల్సిన పని లేదు. వరుసగా 34 ఆటలు గెలిచి వచ్చిన జట్టది. ఈ ఆట చివరి భాగంలో 6 నిమిషాల 42 సెకన్లు మిగిలి ఉండగా 38-26 ఆధిక్యంలో ఉంది.

అక్కడి నుంచి యంగ్ విజృంభించాడు. నాలుగు నిమిషాల మూడు సెకన్లు ఉందనగా 17 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. తేడా ఐదు పాయింట్లకు దిగింది.

ఇప్పుడు బంతి సదరన్ కాలిఫోర్నియాది. కాసేపటికి నాలుగో ప్రయత్నం వచ్చింది, కావలసింది రెండు గజాలు. బంతిని దూరంగా తన్నేసి డిఫెన్స్‌కు అప్పగించవచ్చు. కారల్ అలా చేయలేదు. తన్నితే బంతి చేరేది యంగ్ చేతికే. అతణ్ని ఆపే మార్గాల్లో అన్నిటికన్నా భద్రమైనది అతనికి బంతి దొరక్కుండా చూడటమే. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టేవారు ఈనాటికీ ఉన్నారు. ఆ రాత్రి యంగ్‌ను చూసిన కోచ్‌గా కారల్ చేసింది నాకు సబబుగానే తోస్తుంది. సదరన్ కాలిఫోర్నియా రన్నింగ్‌బ్యాక్ లెన్‌డేల్ వైట్ బంతితో వరుసలోకి దూరాడు. టెక్సాస్ వాళ్లు గోడలా నిలిచి ఒక్క గజం ముందే ఆపేశారు.

యంగ్ చేతికి బంతి వచ్చింది. ముందు 56 గజాలు, రెండు నిమిషాల పైచిలుకు సమయం. పాస్ తర్వాత పాస్ వేసుకుంటూ జట్టును 8 గజాల గీత దాకా తెచ్చాడు.

ఆ ఏడు సెకన్లు

బంతి వెనక్కి వచ్చింది. యంగ్ అందుకుని చూశాడు. రిసీవర్లకు దారులు మూసుకుపోయాయి. పాస్‌ను ఆపే పని డిఫెన్స్ చక్కగానే చేసింది. అతను కుడివైపు తిరిగాడు. అక్కడ అంచు కాసేవాడు లేడు. పెద్ద పెద్ద అంగలతో మైదానం మూలకు సాగిపోయాడు. అతణ్ని తాకినవాడు కూడా లేడు. గీత దాటేసరికి గడియారంలో 19 సెకన్లు. అదనపు రెండు పాయింట్ల కోసమూ అతనే పరుగెత్తాడు. టెక్సాస్ 41, సదరన్ కాలిఫోర్నియా 38.

ఆ రాత్రి యంగ్ 40 పాస్‌లలో 30 చేర్చాడు, 267 గజాలు సాధించాడు. వాటిలో ఒక్కటీ టచ్‌డౌన్ కాలేదు. అతని మూడు టచ్‌డౌన్లూ కాళ్లతో చేసినవే, 19 పరుగుల్లో సరిగ్గా 200 గజాలు.

మన కబడ్డీ ఎరిగినవారికి ఈ బాధ అర్థమవుతుంది. కూతకు వచ్చినవాడి మీదికి ఒంటిగా ఎగబడ్డవాడు చాలాసార్లు ఔటై బయట కూర్చుంటాడు. చేయీ చేయీ పట్టుకుని గొలుసుగా కదిలినవాళ్లకే పట్టు చిక్కుతుంది. పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్ ముందు పనికొచ్చేది ఓర్పు. తన పక్క ఖాళీ పడకుండా కాచుకోవడమే అక్కడ సాహసం.

దానికి రుజువు పదేళ్ల తర్వాత దొరికింది. 2016 నవంబర్ 17న లూయీవిల్ జట్టు హ్యూస్టన్‌కు వచ్చింది. ఆ ఏడు దేశమంతా మారుమోగిన పేరు దాని క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్‌ది. హ్యూస్టన్ కుర్రాళ్లు అతణ్ని బంతి విసరకముందే పదకొండుసార్లు పడగొట్టారు. ఆ పదకొండూ ఒక్కడి ఘనత కాదు. నడిమి వరుసలో ఎడ్ ఆలివర్ అనే తొలి ఏడాది విద్యార్థి ముందుకు తోసుకొస్తుంటే, మిగతావాళ్లు చుట్టూ బిగించారు. హ్యూస్టన్ 36, లూయీవిల్ 10.

మరుసటి నెలలో దేశంలోకెల్లా మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ జాక్సన్‌కే దక్కింది. అతని వేగమేమీ తగ్గలేదు. ఆ ఒక్క రాత్రి అతనికి ఖాళీ మూల దొరకలేదు, అంతే.