ఒకే పెట్టెలో ఇద్దరు చిత్రకారులు

జాలహళ్ళి అనగానే బెంగళూరు పాఠకులకు భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం గుర్తుకు వస్తుంది. నేను చెప్పేది ఆ జాలహళ్ళి కాదు. మాది రాయచూరు జిల్లా దేవదుర్గ తాలూకాలోని జాలహళ్ళి. 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, ఆనాటి నుంచి మైసూరు రాష్ట్రంలో కలిసిన నేల. అదే రోజున మా జిల్లా నుంచి గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. ఇక్కడ నలుగురు కలిస్తే పత్తి ధర, కాలువ నీళ్ళు మాట్లాడుకుంటారు. కొన్నేళ్ళుగా ఇంజనీరింగు చదివే పిల్లల లాప్‌టాప్‌లు కూడా ఆ మాటల్లోకి వచ్చాయి. బ్యాంకులో పనిచేస్తున్నాను గనుక ఆ మాటలు చివరికి నా బల్ల దగ్గరికే చేరతాయి.

బి.కాం. చదివినవాడికి గ్రాఫిక్స్ కార్డులతో ఏం పని అని మీరు అడగవచ్చు. అప్పిచ్చి కొనిపించిన వస్తువు పనిచేస్తున్నదా లేదా అని చూడడం మా వృత్తిలో భాగమే. ఆ మధ్య ఒక రైతు వచ్చి, "సారూ, అంగడాయన మోసం చేసిండు. లోపల ఆ పెద్ద కార్డే లేదంట. సగం ధరకన్న అమ్మేస్తం" అన్నాడు. ఆయన కొడుకు కొన్నది గేమింగ్ లాప్‌టాప్. ఆటలకోసం కాదు, భవనాల నమూనాలు గీయడానికి. మామూలు దానికన్నా ధర బాగా ఎక్కువ. ఆ ఎక్కువలో పెద్ద వాటా, బొమ్మలు గీయడానికి విడిగా పెట్టిన గ్రాఫిక్స్ కార్డుది. తీరా నమూనా తెరిస్తే తెర మీద బొమ్మ నత్తలా కదులుతున్నది. అన్నీ ఉన్నాయిగాని అల్లుడి నోట్లో శని అన్నట్టుంది వ్యవహారం.

ఈ చిక్కు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1981లో ఐబీఎం సంస్థ పర్సనల్ కంప్యూటర్ తెచ్చినప్పుడు తెర సంగతి చూసే కార్డు ఒక్కటే. అక్షరాలు మాత్రమే చూపేది ఒక రకం, నాలుగు రంగుల్లో బొమ్మలు కూడా చూపేది మరో రకం. మన బ్యాంకులకు 1984 నాటి రంగరాజన్ కమిటీ నివేదిక తరువాత వచ్చిన లెడ్జరు యంత్రాలకు అక్షరాలూ అంకెలూ కనబడితే చాలు. లెక్కలు రాసే చోట చిత్రకారుడితో పనిలేదు.

1996లో అమెరికాలోని త్రీడీఎఫ్ఎక్స్ అనే కంపెనీ వూడూ అనే కార్డు తెచ్చింది. అది లోతు కనబడే త్రీడీ బొమ్మలే గీయగలదు. మామూలు తెర పని దానికి రాదు. అందుచేత పాత కార్డును తీసేయకుండా, దాని నుంచి ఒక తీగ వూడూకు, వూడూ నుంచి ఇంకో తీగ తెరకు కలిపేవారు. ఆట మొదలైతే వూడూ పాత కార్డు బొమ్మను ఆపి తన బొమ్మ పంపేది. ఆట ముగిస్తే మళ్ళీ పాతదానికి దారి వదిలేది. ఒకే పెట్టెలో ఇద్దరు చిత్రకారులు కాపురం పెట్టడం అప్పటికే ఉందన్నమాట. అయితే అక్కడ తగాదా లేదు. ఎవరి పని వారిది.

1999లో రెండు దారులు పడ్డాయి. ఆ ఏడు ఇంటెల్ తన 810 చిప్‌సెట్‌లో గ్రాఫిక్స్‌ను కలిపేసింది. విడి కార్డు కొననక్కరలేదు, ఖర్చు తగ్గింది. అదే ఏడు ఎన్విడియా జీఫోర్స్ 256ను తెచ్చి, ప్రపంచంలో మొట్టమొదటి జీపీయూ ఇదేనని ప్రచారం చేసింది. ఒక దారి పొదుపుది, మరొకటి బలానిది. మరుసటి ఏడు త్రీడీఎఫ్ఎక్స్ ఆస్తులను ఎన్విడియాయే కొనేసింది.

బల్ల మీది కంప్యూటరుకు కరెంటు గోడలో నుంచి వస్తుంది గనుక రెండు దారులూ ఎవరికి వారుగా సాగాయి. లాప్‌టాప్ దగ్గరే చిక్కు. ఇక్కడ నాకు అలవాటైన లెక్క ఒకటి వేస్తాను. బ్యాటరీలో 60 వాట్-అవర్ల నిలవ ఉందనుకోండి. చిన్న చిప్పుతో రాతకోతలు చేసుకుంటే యంత్రమంతా కలిసి 10 వాట్లు తింటుందనుకుంటే 6 గంటలు వస్తుంది. పెద్ద కార్డు రంగంలోకి దిగి మొత్తం ఖర్చు 80 వాట్లయితే 45 నిమిషాల్లో నిలవ సున్నా. వేడి సంగతి సరేసరి. అందుకని చిన్నవాడు ఎప్పుడూ కౌంటరులో ఉండాలి, పెద్దవాడిని అవసరమైతేనే పిలవాలి అనే ఏర్పాటు వచ్చింది. మా బ్రాంచిలో రోజువారీ జమలూ చెల్లింపులూ కౌంటరులోనే తేలిపోయి, పెద్ద రుణం కాగితం మాత్రం మేనేజరు గదిలోకి వెళ్ళినట్టు.

మరి ఏ కాగితం లోపలికి వెళ్ళాలో ఎవరు తేలుస్తారు? తరువాతి చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

2006లో సోనీ వైయో ఎస్‌జెడ్ లాప్‌టాప్‌లో ఆ అధికారం మనిషికే ఇచ్చారు. పైన ఒక మీట. ఒక పక్క వేగం, ఒక పక్క ఓపిక. మీట మార్చితే యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. 2008లో ఆపిల్ మాక్‌బుక్ ప్రో కొంత మెరుగు, లాగౌట్ అయి మళ్ళీ వస్తే చాలు. ఈ తంటాలు పడే ఓపిక జనానికి లేక మీటను ఒక వైపే వదిలేసేవారు.

2010 ఫిబ్రవరిలో ఎన్విడియా ఆప్టిమస్ అనే పద్ధతి ప్రకటించింది. ఇందులో తెరకు తీగ చిన్న చిప్పు నుంచే ఉంటుంది. పెద్ద కార్డు బొమ్మ గీసి, దాని నకలును చిన్న చిప్పు చేతికిస్తుంది. తెర మీద పెట్టేది చిన్నదే. ఏ ప్రోగ్రాముకు పెద్ద కార్డును లేపాలో డ్రైవరులోని జాబితా చెబుతుంది. సదుపాయం నిజమే. కాని జాబితాలో పేరులేని ప్రోగ్రాము చిన్నవాడి దగ్గరే ఉండిపోవచ్చు. ఎక్కువ ధర పెట్టి కొన్నది నిద్రపోతుంటే యజమానికి కబురే అందదు.

లైనక్స్ వాడేవారికి ఆప్టిమస్ మొదట్లో అందనే లేదు. 2012లో ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో ఒక సభికురాలు ఈ సంగతే అడిగితే, లైనక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ ఎన్విడియా మీద నిండు సభలో ఇక్కడ రాయలేని మాట వాడాడు. అదే ఏడు టొరంటో పరిశోధకులు ఆటలకోసం తయారైన రెండు జీటీఎక్స్ 580 కార్డులతో అలెక్స్‌నెట్ అనే ప్రోగ్రాముకు శిక్షణ ఇచ్చి, ఫోటోలోని వస్తువును గుర్తుపట్టే పోటీలో గెలిచారు. అప్పటి నుంచి ఆటల కార్డు చదువుల కార్డు కూడా అయింది.

చిన్న చిప్పుల ఇంటెల్ సైతం తరువాత విడి కార్డుల దారి పట్టింది. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, ఏఎమ్‌డీలోనూ ఆపిల్‌లోనూ గ్రాఫిక్స్ పనిలో పేరు తెచ్చుకున్న మన రాజా కోడూరిని 2017లో తీసుకున్నది. 2022లో ఆర్క్ కార్డులు వచ్చాయి. ఆయన 2023లో ఆ సంస్థ విడిచారు.

2018 నాటి విండోస్ 10లో తీర్పు తిరిగి మనిషి చేతికి వచ్చింది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్ అనే పుటకు వెళ్ళి, మన ప్రోగ్రాము పేరు చేర్చి, 'హై పెర్ఫార్మెన్స్' అని ఎంచుకోవాలి. ప్రోగ్రామును మూసి మళ్ళీ తెరవాలి. దానికి ముందు కార్డు డ్రైవరు సరిగా ఉందా, చార్జరు తగిలించి ఉందా చూసుకోవాలి. టాస్క్ మేనేజరులో పెర్ఫార్మెన్స్ పుట తెరిస్తే జీపీయూ 0, జీపీయూ 1 అని ఇద్దరి హాజరుపట్టీ కనబడుతుంది.

మా రైతు కొడుకు చేత ఆ పుటే తెరిపించాను. రెండు పేర్లూ ఉన్నాయి. అంగడివాడు మోసం చేయలేదు. డిస్‌ప్లే వివరాల్లో ఇంటెల్ పేరు మాత్రమే చూసి ఆ కుర్రవాడు కార్డు లేదనుకున్నాడు. తెరకు తీగ చిన్నదాని నుంచే గనుక అక్కడ దాని పేరే ఉంటుంది. నమూనాలు గీసే ప్రోగ్రామును పెద్ద కార్డుకు అప్పగించాక, అంతవరకు సున్నా మీద పడుకున్న గీత లేచింది. బొమ్మ సాఫీగా తిరిగింది. వాయిదాలు ఇంకా ఇరవై రెండు మిగిలి ఉన్నాయి. వస్తువు సగం ధరకు పోతే అవి ఎవరు కట్టేవారు?

నేటి ఖరీదైన లాప్‌టాప్‌లు కొన్నింటిలో మక్స్ స్విచ్ అనే ఏర్పాటు ఉంది. దానితో తెర తీగను నేరుగా పెద్ద కార్డుకే కలపవచ్చు. సోనీ మీట కొత్త రూపంలో తిరిగి వచ్చిందనుకోవచ్చు.

బ్యాలెన్సు షీటులో ఆస్తి ఉందని రాస్తే సరిపోదు, అది పని చేస్తున్నదా అని ఆడిటరు అడుగుతాడు. పిల్లల చదువుకు అప్పుచేసి యంత్రం కొన్న తల్లిదండ్రులు కూడా ఆ ప్రశ్న ఒకసారి అడగాలి. అమ్మకానికి పెట్టేముందు ఆ రెండు పుటలు తెరిచి చూడమని నా మనవి. పట్టేది పది నిమిషాలు.